ఉచిత బస్సు వచ్చాక ఆటో అమ్మేసి ఫ్యాక్టరీలో చేరవచ్చా?

తొండవాడ_ఆటో
పదకొండేళ్లుగా చంద్రగిరి–తిరుపతి మధ్య షేర్ ఆటో నడుపుతున్నాను. వయసు 43. నిరుడు (2025) ఆగస్టు 15న ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి గిరాకీ పడిపోయింది. అంతకు ముందు ఆరుగురు ఎక్కితే నలుగురు ఆడవాళ్లే ఉండేవారు. పూలబుట్టలవాళ్లు, ఆకుకూరలవాళ్లు, లాడ్జీల్లో గదులు శుభ్రం చేసేవాళ్లు, కాలేజీ పిల్లలు. ఇప్పుడు వాళ్లంతా స్టాపులో నా బండి పక్కనే నిలబడి బస్సు కోసం చూస్తున్నారు. ముఖపరిచయం ఉన్నవాళ్లు కదా, "ఏమీ అనుకోవద్దు అన్నా" అంటారు. ఏమని అనుకోను?

డీజిల్ పోను రోజుకు 850 దాకా మిగిలేది. ఇప్పుడు 400 మిగిలితే ఆ రోజు బాగున్నట్టు. బండి కంతు నెలకు 7,200. ఇంకా 19 కంతులు ఉన్నాయి. అక్టోబరులో ప్రభుత్వం వేసిన 15,000 రెండు కంతులకు సరిపోయింది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెబుతాను. నా భార్య ఇదివరకు ఊళ్లో కూలికి వెళ్లేది, నెలకు పది పన్నెండు రోజులు పని దొరికితే ఎక్కువ. ఇప్పుడు అదే ఉచిత బస్సెక్కి తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జీలో పనికి వెళ్తోంది. నెలకు 11,000. నా బండిని ఖాళీ చేసిన బస్సే మా ఇంటికి జీతం తెస్తోంది. అందుకే ఆ పథకాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

తెలిసినాయన ఒకరు రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పని ఉందంటున్నారు. రోజుకు 10 గంటలు, నెలకు 14,500. ఆటో అమ్మేసి చేరిపోవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రేణిగుంట_బాబు
ఇప్పుడు అమ్మవద్దు అన్నా. మా బావమరిది గత నెల అమ్మబోయాడు. ప్రతి వీధిలో రెండు బండ్లు అమ్మకానికి ఉన్నాయి, కొనేవాడు లేడు. వచ్చే ధర ఫైనాన్స్ బాకీకే చాలదు. బండి పోతుంది, బాకీ మిగులుతుంది.

పుత్తూరు_నీరజ
అన్న బాధ నిజమే. నా కథ కూడా వినండి. పుత్తూరులో ఒక బట్టల దుకాణంలో ఆరేళ్లు చేశాను, 6,500 జీతం. ఎన్నిసార్లు అడిగినా "ఇష్టమైతే ఉండు" అనేవారు. తిరుపతిలో పెద్ద దుకాణాల్లో పదివేలు ఇస్తారని నాకు తెలుసు. కానీ రానుపోను రోజుకు ఎనభై రూపాయలు ఛార్జీకే పోతే ఏం లాభం అని ఆగిపోయాను. సెప్టెంబరులో తిరుపతిలో చేరాను, 10,500. మానేస్తున్నానని చెప్పిన రోజే పాత యజమాని "ఎనిమిది వేలు ఇస్తాను, ఉండమ్మా" అన్నారు. ఆరేళ్లుగా లేని డబ్బు ఒక్క పూటలో ఎక్కడి నుంచి వచ్చింది?

ఆధార్ కార్డు చూపించి తీసుకునే సున్నా టికెట్టు చిన్న కాగితమే. నాకు మాత్రం అది నెలకు రెండు వేలు.

చంద్రగిరి_టిఫిన్స్
నీరజమ్మ అన్నది ఒకవైపే. చిన్న ఊళ్లో హోటల్ నడిపేవాడి పరిస్థితి కూడా చూడండి. నా దగ్గర చట్నీ రుబ్బడానికి, గిన్నెలు తోమడానికి ముగ్గురు ఉండేవారు. ఇద్దరు బస్సెక్కి తిరుపతి వెళ్లిపోయారు. రోజుకు 350 ఇచ్చేవాడిని, ఉన్న ఒక్కరికి ఇప్పుడు 450 ఇస్తున్నాను. ఇడ్లీ మీద అయిదు రూపాయలు పెంచితే ఎదురు బండి దగ్గరికి పోతారు. తెల్లవారుజామున మూడున్నరకు నేనూ నా భార్యా లేచి పిండి కలుపుతున్నాం. యజమాని అనగానే పిండుకునేవాడు అనుకోవద్దు.

నగరి_మగ్గం
మా దగ్గరా ఇంతే. పవర్‌లూమ్ షెడ్లలో కండెలు చుట్టే ఆడవాళ్లు తగ్గారు. చీరకు మాకు వచ్చే మజూరీ పెరగలేదు, మేము ఇవ్వాల్సింది పెరిగింది.

కొర్లగుంట_వాణి
నేను తిరుపతిలోనే పుట్టి పెరిగాను. లాడ్జీల్లో పదేళ్ల నుంచి గదుల పని చేస్తున్నాను. ఇంతవరకు ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను, ఎవరినీ నొప్పించాలని కాదు. ఈ ఉగాదికి జీతం పెంచమని అడిగితే మా మేనేజరు "చంద్రగిరి నుంచి, పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి రోజూ ఎంతమంది అడుగుతున్నారో తెలుసా" అన్నాడు. అంతే, నోరు మూసుకుని వచ్చాను. ఒక్కో గదికి రెండు దుప్పట్లు మార్చాలి, బాత్రూము కడగాలి, యాత్రికులు వదిలిన సామాను లెక్కపెట్టి అప్పగించాలి. ఇదివరకు రోజుకు పన్నెండు గదులు చేసేవాళ్లం, ఇప్పుడు పదహారు. బస్సు ఉచితం నాకు ఏమిచ్చింది? ఇంటి నుంచి పనికి నడిచే వెళ్తాను.

తొండవాడ_ఆటో
వాణి అక్కా, మీరు చెప్పేదాకా ఈ సంగతి నా మనసుకు తట్టలేదు. నా భార్య కూడా అలా వచ్చిన మనిషే. రాత్రి ఆమెకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కొర్లగుంట_వాణి
మీ ఆవిడ తప్పేమీ లేదు తమ్ముడూ. నేను ఆమె స్థానంలో ఉంటే నేనూ వచ్చేదాన్ని. నా కోపం మేనేజరు మీద.

అర్థశాస్త్రం_పంతులు
ముప్పై ఏళ్లు కాలేజీలో ఈ పాఠమే చెప్పాను. ఇంత స్పష్టంగా ఒక్క చోట ఎన్నడూ చూడలేదు.

ఎక్కడ ఎంత జీతమిస్తారన్నదానితో సరిపోదు. ఆ జీతం చేతికి రావడానికి ఎంత ఖర్చవుతుందో కూడా మనిషి లెక్క చూసుకుంటాడు. పుత్తూరు నుంచి తిరుపతికి ఛార్జీ ఒక గోడలా నిలబడింది. గోడకు ఇవతల ఉన్న దుకాణదారుకు పనివాళ్ల కోసం పోటీ లేదు, అందుకే ఆరేళ్లు 6,500 దగ్గరే నిలిపాడు. గోడ కూలిన రోజే ఎనిమిది వేలన్నాడు. అంటే ఆ డబ్బు ముందు కూడా ఉంది, ఇవ్వాల్సిన అవసరం లేకపోయింది. ఇదే గోడ అవతలివైపు నుంచి చూస్తే వాణిగారికి పోటీ పెరిగింది. పుత్తూరులో జీతం పైకి, తిరుపతిలో బేరమాడే శక్తి కిందికి. ఒకే నిర్ణయానికి రెండు ఊళ్లలో రెండు ఫలితాలు. నీరజ, వాణి ఇద్దరూ చెప్పింది సత్యమే.

అమెరికాలో 1992 ఏప్రిల్ 1న న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరిశీలించారు. జీతం పెరిగితే ఉద్యోగాలు తగ్గుతాయని అప్పటిదాకా పుస్తకాల మాట. వాళ్లకు తగ్గినట్టు కనిపించలేదు. దాని మీద ఆర్థికవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పనివాళ్లకు వేరే దారి లేని చోట యజమాని జీతాన్ని అణచి ఉంచగలడు, అలాంటి చోట జీతం పెరిగినా పని పోదు అన్నది ఆ ఫలితానికి ఒక వివరణ. పుత్తూరు దుకాణం నాకు దాన్నే గుర్తు చేసింది.

చంద్రగిరి_టిఫిన్స్
పంతులుగారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. నా దగ్గర దాచుకున్న లాభం ఎక్కడ ఉంది? ఆ రెస్టారెంట్లకు పైన పెద్ద కంపెనీ ఉంటుంది. నా పైన గ్యాస్ బండ ధర ఉంది.

అర్థశాస్త్రం_పంతులు
మీ మాట కాదనను. మీవంటివారిలో కొందరు తట్టుకోలేక మూసేస్తారు. మార్పు ఖర్చు ఎవరి మీద పడుతుందో ముందుగా చెప్పే సూత్రం ఏదీ నా పుస్తకాల్లో లేదు.

మామిడి_దామలచెరువు
మా వైపు తోటల సంగతి ఎవరూ ఎత్తలేదు. నిరుడు తోతాపురి ఎంత దెబ్బ తీసిందో అందరికీ తెలుసు. కిలోకు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4, మొత్తం 12 అని నిర్ణయించినా గుజ్జు ఫ్యాక్టరీల గేటు ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలిచాయి. పండ్ల రసాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది సెప్టెంబరు 22న. అప్పటికి మా పంట కుళ్లిపోయింది. ఇప్పుడు కోతకు మనిషి దొరకడం లేదు. ఆడవాళ్లు బస్సెక్కుతున్నారు, మిగిలినవాళ్లు ఉపాధి హామీకి పోతున్నారు. రైతు ఏమి చేయాలి?

పుత్తూరు_నీరజ
కూలి దొరకడం లేదంటే మీరు ఇచ్చే కూలికి దొరకడం లేదని అర్థం అన్నా. మామిడి కోతకు ఆడవాళ్లకు ఎంత ఇస్తున్నారు, మగవాళ్లకు ఎంత?

మామిడి_దామలచెరువు
ఆడవాళ్లకు 350, మగవాళ్లకు 700. మగవాళ్లు చెట్టెక్కుతారు కదా.

పుత్తూరు_నీరజ
కింద బుట్టలు మోసి ట్రాక్టరుకు ఎత్తేది ఎవరు?

మామిడి_దామలచెరువు
నిజమే. అది బరువు పనే. ఈసారి కోతకు 450 ఇద్దామని ఇంట్లో అనుకుంటున్నాం. కాయ ధర బాగుంటే ఇంకా ఇవ్వగలను, 12 రూపాయలకే అమ్మితే నేనే కూలికి పోవాలి.

కార్మిక_న్యాయం
ఉపాధి హామీ గురించి ఒక్క మాట. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మన పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. మన రాష్ట్రంలో 2025-26 కూలి రోజుకు 307. దానికి వెళ్లేవాళ్లు ఉన్నారంటే బయట అంతకంటే మెరుగైన పని అందుబాటులో లేకనే. డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పనిదినాలను 100 నుంచి 125కు పెంచింది. విత్తనం, కోతల సీజన్లో 60 రోజుల దాకా పనులు ఆపే వీలు కూడా పెట్టింది. ఖర్చులో రాష్ట్రం వాటా 40 శాతం. ఆ 60 రోజులే కూలి మనిషికి పొలంలో బేరమాడే అదును. నాకు అది నచ్చలేదు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. తొండవాడ అన్నా, వారానికి ఎన్ని రోజులు పని అన్నారు? నియామక పత్రం ఇస్తారా?

తొండవాడ_ఆటో
ఆరు రోజులు. పత్రం సంగతి అడగలేదు. "ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకురా" అన్నారు.

చెరకు_తోట
కార్మిక_న్యాయంగారు జవాబిచ్చేలోపు నా అనుభవం చెబుతాను. మా నాన్న జిల్లాలో ఒక సహకార చక్కెర ఫ్యాక్టరీలో పాకం మరిగించే విభాగంలో 26 ఏళ్లు చేశారు. మరుగుతున్న పాకాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, సాగే తీగను చూసి గింజ కట్టే అదును చెప్పేవారు. ఆ వేళ్ల మీద చర్మం గట్టిపడి నున్నగా ఉండేది. ఫ్యాక్టరీ మూతపడింది. జీతం బకాయిలు, ఆందోళనలు, ఆఫీసుల చుట్టూ తిరగడం, అన్నీ అయ్యాయి. చివరికి తిరుపతిలో ఒక అపార్టుమెంటులో రాత్రి కాపలా. అప్పటికి 51 ఏళ్లు. ఆ వేళ్లతో గేటు తాళం తీయడం నేను చూశాను.

చదువుకున్నవాళ్లు "ఒక రంగం పోతే ఇంకో రంగంలోకి కార్మికులు మారతారు" అంటారు. మారారు, నిజమే. ఆయనకు తెలిసిన పని మాత్రం ఆయనతోనే పోయింది. చెరకు వేసిన పొలాల్లో ఇప్పుడు ఇళ్ల ప్లాట్ల రాళ్లు ఉన్నాయి. అన్నా, 43 అంటే ఇంకా పదిహేడేళ్ల పని ఉంది. తొందరపడవద్దు.

తడ_షిఫ్టు
నేను శ్రీసిటీలో ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద మూడేళ్లుగా చేస్తున్నాను, వయసు 24. షిఫ్టంతా నిలబడే పని. మొదటి నెల కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. పాతికేళ్ల లోపు వాళ్లం, పది మంది ఒక గదిలో ఉంటాం కాబట్టి సర్దుకున్నాం. ఏడాదికొకసారి కాంట్రాక్టరు మారతాడు, మనిషి అక్కడే, మిషను అదే, చేరిన తేదీ మాత్రం కొత్తది. నా పీఎఫ్ మూడు ఖాతాల్లో చీలింది. ఒక్కటిగా కలపడానికి నాలుగు నెలలు పట్టింది. చేరేముందు యూఏఎన్ (పీఎఫ్) నంబరు, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) నంబరు తప్పకుండా అడగండి. ఈఎస్ఐ ఉంటే తిరుపతిలోనే ఆసుపత్రి ఉంది, అది చిన్న విషయం కాదు.

కార్మిక_న్యాయం
తమ్ముడు చెప్పింది చాలా ముఖ్యం. ఇప్పుడు లెక్క చూద్దాం.

పాత 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్లుగా కలిపి నిరుడు నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి, అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలి. మన రాష్ట్రం నిరుడు ఫ్యాక్టరీల్లో రోజు పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచింది. వారానికి 48 గంటల పరిమితి మాత్రం అలాగే ఉంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. రోజుకు 10 చొప్పున ఆరు రోజులంటే 60 గంటలు. అందులో 12 గంటలు ఓటీ, అంటే అదనపు పని.

14,500ను 26 రోజులకు, 8 గంటలకు పంచితే గంటకు దాదాపు 70. రెట్టింపు 140. నెలకు 52 ఓటీ గంటలు, అంటే ఇంకో 7,250 దాకా రావాలి. ఆ 14,500 ఎనిమిది గంటల జీతమైతే మీ చేతికి 21,750 దాకా రావాలి. పది గంటలకూ కలిపి 14,500 అంటున్నారంటే అసలు జీతం పదివేల లోపే. పైగా ఓటీ మూడు నెలలకు 144 గంటలు మించకూడదు. 52ను మూడుతో హెచ్చిస్తే 156.

ఇంకొకటి. నిర్ణీత కాలానికి కంపెనీయే నేరుగా తీసుకుంటే ఏడాది చేసినా గ్రాట్యుటీ (పని మానేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తం) వస్తుందని కొత్త కోడ్ చెబుతోంది. కాంట్రాక్టరు మనిషిగా చేరితే ఆ లెక్కలోకి రారు. "ఏడాదికే గ్రాట్యుటీ" అని ఎవరైనా ఊరిస్తే పత్రం మీద యజమాని పేరు ఎవరిదో చూడండి.

రేణిగుంట_బాబు
ఈ లెక్క మా కాలనీ నోటీసు బోర్డు మీద రాసిపెడతాను. అనుమతి ఇస్తారా?

కార్మిక_న్యాయం
తప్పకుండా. గంటల లెక్క పెద్ద అక్షరాలతో రాయండి.

అర్థశాస్త్రం_పంతులు
తొండవాడ తమ్ముడి ఇంటి లెక్క నేను వేశాను. ముందు: ఆటో 22,000, భార్య కూలి 3,500. ఇప్పుడు: ఆటో 10,400, జీతం 11,000. నెలకు నాలుగు వేలు తగ్గింది. అదే భర్త లేని ఇల్లయితే, ఆటో లేని ఇల్లయితే, మొత్తం లాభమే. నిరుడు ప్రభుత్వం దాదాపు 2.90 లక్షల మంది డ్రైవర్లకు 15,000 చొప్పున ఇచ్చింది, మంచిదే. ఇతని నష్టం నెలకు 11,600. ఏడాది సాయం నలభై రోజుల నష్టానికి కూడా చాలలేదు.

అయినా ఆ 11,000 విలువ తక్కువ చేయలేం. దేశంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుకుతున్నవాళ్లు కలిపి 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం సొంత పనులు, ఇంటి పొలంలో జీతం లేని సాయం. నెల తిరిగేసరికి చేతికి జీతం వచ్చే పని ఇంకా అరుదు.

పుత్తూరు_నీరజ
నాకొక ఆలోచన వచ్చింది. మా దుకాణం మూసేసరికి ఒక్కోరోజు రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. ఆ వేళకు పల్లెవెలుగు దొరకదు. పుత్తూరు వైపు వెళ్లేవాళ్లం నలుగురం కలిసి ఆ రోజుల్లో ఒక ఆటో మాట్లాడుకుంటున్నాం. పొద్దున బస్సు, రాత్రి ఆటో. లాడ్జీలవాళ్లకూ ఇంతే కదా? చంద్రగిరి వైపు వెళ్లేవాళ్లు రాత్రి ఎలా వెళ్తున్నారు?

తొండవాడ_ఆటో
నా భార్యను నేనే తీసుకువస్తున్నాను. తిరుగు ప్రయాణంలో బండి ఖాళీగానే ఉంటుంది. మిగతావాళ్ల సంగతి నేను అడగనే లేదు.

కొర్లగుంట_వాణి
మా లాడ్జీలోనే చంద్రగిరి వైపువాళ్లు ముగ్గురున్నారు. రాత్రి షిఫ్టు తర్వాత ఒక్కోసారి స్టోర్‌రూములో చాప వేసుకుని పడుకుని, తెల్లవారి మొదటి బస్సుకు పోతారు. ఇంట్లో పసిపిల్లలున్న అమ్మాయి కూడా ఉంది వాళ్లలో.

కార్మిక_న్యాయం
ఆడవాళ్లతో రాత్రి పని చేయించాలంటే వాళ్ల సమ్మతి ఉండాలి, భద్రత, రాకపోకల ఏర్పాటు యజమాని చూడాలి. రాత్రి పనికి అనుమతిస్తూ పెట్టిన షరతులవి. కాబట్టి ఆటో ఖర్చు ఆ అమ్మాయిలు పెట్టుకోనక్కర్లేదు. లాడ్జీనే అడగండి. ఒక్కరు అడిగితే పని పోతుంది, పది మంది సంతకాలతో అడగండి.

కొర్లగుంట_వాణి
కాగితం నేను రాయిస్తాను. నాది ఇక్కడే ఇల్లు, నాకు ఆటో అక్కర్లేదు, అందుకని నేను ముందుండి అడిగినా నా స్వార్థం అనలేరు. అదే కాగితంలో పదహారు గదుల సంగతి కూడా రాయిస్తాను.

చంద్రగిరి_టిఫిన్స్
రాత్రి పది దాటాక చంద్రగిరిలో దిగేవాళ్లు ఆకలితో ఉంటారు. వాళ్ల కోసం ఉప్మా ఉంచుతాను. అన్నా, బండి నా హోటల్ ముందు ఆపండి.

తొండవాడ_ఆటో
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఫ్యాక్టరీ కాంట్రాక్టరును నియామక పత్రం, ఓటీ లెక్క అడిగాను. "అవన్నీ అడిగేవాళ్లు మాకు వద్దు" అన్నాడు. చేరలేదు.

వాణి అక్క పదకొండు మంది సంతకాలతో కాగితం ఇచ్చింది. వాళ్ల లాడ్జీ ఆటో ఖర్చులో సగం ఇస్తామంది. నా భార్య పనిచేసే లాడ్జీ ఇంకా తేల్చలేదు. గదుల లెక్క మీద రెండూ నోరు మెదపలేదు. ప్రస్తుతానికి ఏడుగురు ఖాయం. నెలకు దాదాపు 6,300 వస్తుంది, కంతుకు ఇంకా 900 తక్కువ. పగలు మామూలుగానే తిప్పుతాను. సోమవారం నుంచి రాత్రి 9.40కి రైల్వే స్టేషన్ దగ్గర మొదటి ట్రిప్పు.

మామిడి_దామలచెరువు
పనపాకం దాకా రాగలవా తమ్ముడూ? మా చిన్నమ్మ కూతురు, ఆమె స్నేహితురాలు అదే వేళకు పని ముగిస్తారు. చంద్రగిరిలో దిగి అక్కడి నుంచి ఇంటివాళ్లకు ఫోను చేసి ఎదురుచూస్తున్నారు.

తొండవాడ_ఆటో
వస్తాను అన్నా. తొమ్మిదిన్నరకల్లా స్టేషన్ ముందు ఉండమనండి. బండి వెనక పసుపు రంగు తెర ఉంటుంది.